గయ్యాళి పాత్ర - సూర్యకాంతంగారి నటన

(సూర్యకాంతం స్మారకోపన్యాస పాఠం)

 

సూర్యకాంతంగారి గురించి ఎక్కడ ఏ సభ జరిగినా ఒక మాట తప్పకుండా వినపడుతుంది. తెర మీద ఆవిడ ఎంత గయ్యాళో, తెర వెనుక అంత మెత్తని మనిషని. షూటింగుకు వచ్చేటప్పుడు ఇంటి దగ్గర వండించిన పదార్థాలు తెచ్చి యూనిట్ వాళ్ళందరికీ కొసరి కొసరి వడ్డించేవారని చెబుతారు. చిత్తూరు నాగయ్యగారి వంటి పెద్దవారిని నోటికొచ్చినట్టు తిట్టే సన్నివేశం చేశాక, షాట్ అయిపోగానే వెళ్ళి క్షమించమని వేడుకున్నారని చెబుతారు. ఇవి అబద్ధాలని నేను అనడం లేదు. ఆవిడతో కలిసి పనిచేసినవాళ్ళు ప్రేమగా దాచుకున్న జ్ఞాపకాలు ఇవి.

కాని వీటిని మనం వాడుకునే తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. 'దానవీరశూరకర్ణ'లో సుయోధనుణ్ణి మెచ్చుకోవడానికి నందమూరి తారకరామారావుగారు ఇంట్లో ఎంత సౌమ్యులో చెప్పవలసిన అవసరం మనకు రాలేదు. 'నర్తనశాల'లో కీచకుణ్ణి చూసి చప్పట్లు కొట్టడానికి ఎస్వీ రంగారావుగారి గుణగణాల పట్టిక ఎవరూ అడగలేదు. చెడ్డ పాత్రను గొప్పగా పోషించారన్న ఒక్క మాట వాళ్ళకు సరిపోయింది. సూర్యకాంతంగారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పాపం మంచి మనిషే సుమా అని సాక్ష్యం తెచ్చుకుంటున్నాం. ఆవిడ వేసిన వేషాలకు ఏదో సంజాయిషీ ఇవ్వాలన్నట్టు. ఒక ప్రతినాయకుడికి దక్కిన మర్యాద ఒక ప్రతినాయికకు ఎందుకు దక్కలేదు? అందుకే ఈ సాయంత్రం ఆవిడ మంచితనం జోలికి ఇక వెళ్ళను. తెర మీద ఆవిడ చూపించిన చెడ్డతనం గురించే మాట్లాడతాను. ఆ చెడ్డతనానికి ఆవిడ ఎంత పని చేశారో, దాని లోపల ఏం పెట్టారో చెప్పుకుందాం.

కాకినాడ నుంచి మద్రాసుకు

సూర్యకాంతంగారు 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. ఆ రోజుల్లో కాకినాడ నాటకాల ఊరు. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు వంటి సంస్థలు ఉన్న ఊరు. ఎస్వీ రంగారావుగారు, అంజలీదేవిగారు ఆ గాలి పీల్చుకునే సినిమాల్లోకి వచ్చారు. చిన్ననాడే పాట, ఆట నేర్చుకున్న సూర్యకాంతంగారు కూడా అదే దారిన మద్రాసు చేరుకున్నారు.

జెమినీ వారి 'చంద్రలేఖ'లో నాట్యం చేసే అమ్మాయిల్లో ఒకరిగా మొదలైంది ఆవిడ ప్రయాణం. జెమినీలో తొలి జీతం నెలకు 65 రూపాయలనీ, అది చాలదని ధైర్యంగా చెప్పి 75 చేయించుకున్నారనీ అంటారు. 1946 నాటి 'నారద నారది', 'గృహప్రవేశం' చిత్రాల్లో చిన్న వేషాలు వచ్చాయి. హీరోయిన్ కావాలన్న కోరిక ఆవిడకూ ఉండేది. 'సౌదామిని'లో ఆ అవకాశం చేతిదాకా వచ్చిన సమయంలో కారు ప్రమాదంలో ముఖానికి గాయమై అది తప్పిపోయిందని ఆవిడ జీవితం రాసినవారు చెబుతారు. బొంబాయి నిర్మాత ఒకరు పెద్ద వేషం ఇవ్వబోతే, అది మరో నటిని తప్పించి తనకు ఇస్తున్నారని తెలిసి వద్దనుకున్నారని కూడా వాళ్ళే రాశారు.

1950లో ఎల్వీ ప్రసాద్‌గారి 'సంసారం' వచ్చింది. గయ్యాళి పాత్రకు ఈవిడ తప్ప మరొకరు లేరని ఆ సినిమాతో తేలిపోయింది. 'పెళ్ళి చేసి చూడు', 'చక్రపాణి', 'దొంగరాముడు' దగ్గర నుంచి 1994లో 'ఎస్.పి. పరశురామ్' దాకా నాలుగు దశాబ్దాలకు పైగా ఆ పీఠం ఆవిడదే. 1994 డిసెంబరు 18న కన్నుమూశారు.

ఈ లెక్కల్లో ఒకటి కాస్త ఆగి చూడవలసింది ఉంది. 'సంసారం' నాటికి సూర్యకాంతంగారి వయసు 26 దాటలేదు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1924 సెప్టెంబరులో పుట్టారు, ఈవిడ అక్టోబరులో. నందమూరి తారకరామారావుగారు 1923 మే నెలలో పుట్టారు. అంటే 'గుండమ్మ కథ'లో గుండమ్మ అల్లుళ్ళిద్దరూ అత్తగారికంటే వయసులో పెద్దవారు! 'మాయాబజార్'లో ఘటోత్కచుడు వేసిన రంగారావుగారు 1918లో పుట్టారు. ఆయనకు తల్లిగా హిడింబి వేసిన సూర్యకాంతంగారు ఆయనకంటే ఆరేళ్ళు చిన్న. తన ఈడువాళ్ళు హీరోలుగా చెట్లచుట్టూ పాటలు పాడుకుంటున్న కాలంలో, ఆవిడ వాళ్ళ అత్తగా, సవతి తల్లిగా, పిన్నిగా నిలబడ్డారు. అదీ ఎవరికీ అనుమానం రాకుండా. జుట్టుకు తెల్లరంగు పూసినంత మాత్రాన పెద్దరికం రాదు. నడకలో బరువు, కూర్చోవడంలో అధికారం, లేవడంలో విసుగు, వీటన్నిటినీ పాతికేళ్ళ శరీరం మీదికి తెచ్చుకోవాలి. ఆవిడ తెచ్చుకున్నారు. మనం దాన్ని నటన అనుకోలేదు, ఆవిడే అంత అనుకున్నాం.

తిట్టులో ఉన్న విద్య

మన పల్లెల్లో, పట్నాల్లో ఆడవాళ్ళ పోట్లాటకు ఒక పద్ధతి ఉంది. కోపం వచ్చినవాళ్ళు ఎదుటి మనిషిని నేరుగా తిట్టరు. పిల్లిని తిడతారు, గేదెను తిడతారు, పొయ్యిలో సరిగా మండని పుల్లను తిడతారు. ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుంది. ఎత్తిపొడుపు మాటకు ఎదురు చెప్పడానికి వీలుండదు, ఎందుకంటే ఆ మాట మనల్ని అన్నట్టు ఒప్పుకోవాల్సి వస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్న సామెత పుట్టిన ఇళ్ళు ఇవే. సూర్యకాంతంగారు ఈ పద్ధతిని ఇంటి పెరట్లోంచి ఎత్తుకొచ్చి కెమెరా ముందు పెట్టారు. ఆవిడ సన్నివేశం మొదట్లో ఎవరి ముఖమూ చూడరు. గోడతో మాట్లాడతారు, గిన్నెతో మాట్లాడతారు, దేవుడితో మొరపెట్టుకుంటారు. గొంతు ముందు కిందనే ఉంటుంది. మెల్లిగా మాటకు మాట తగిలి వేగం పెరుగుతుంది. అప్పుడు ఒక్కసారి ఆపేసి ఎదుటి మనిషి వైపు తిరిగి చూస్తారు. ఆ చూపు దగ్గరే హాల్లో జనం ఊపిరి బిగబట్టేవారు. చివరికి ముక్కు చీది, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, అన్యాయమంతా తనకే జరిగినట్టు ముగిస్తారు. మొదలు, ఎక్కు, నిలుపు, ముగింపు. ఒక సంగీత విద్వాంసుడు కచేరీలో చూపించే క్రమం ఎంత కచ్చితంగా ఉంటుందో ఆవిడ తిట్టు అంత కచ్చితంగా ఉంటుంది.

ఆ రోజుల్లో ఇప్పటిలాగా తర్వాత డబ్బింగ్ థియేటర్లో కూర్చుని మాట దిద్దుకునే వీలు తక్కువ. ఫ్లోర్ మీద చెప్పిన మాటే రికార్డయ్యేది. చెయ్యి విసురు, కంటి కదలిక, మాట విరుపు ఒక్క షాట్‌లో ఒకేసారి కుదరాలి. ఎదురుగా ఉన్నది రేలంగి, రమణారెడ్డి వంటివాళ్ళు. వాళ్ళ టైమింగ్‌కు నిలబడటమే గొప్ప. సూర్యకాంతంగారు ఆ టైమింగ్‌ను తన చేతిలోకి తీసుకునేవారు. రేలంగి భార్యకు జంకే మొగుడుగా నవ్వులు పూయించారంటే, ఎదురుగా జంకవలసిన మనిషి నిజంగా ఉండబట్టే.

ఇక ఆవిడ ఎడమ చెయ్యి. ఆవిడది ఎడమచేతి వాటం. మనకు ఎడమ చేత్తో ఇస్తే అవమానం, ఎడమ చేత్తో చూపిస్తే అమర్యాద. శుభకార్యాల్లో ఎడమ చెయ్యి ముందుకు రాకూడదని చిన్నపిల్లలకు కూడా నేర్పుతాం. ఆ చెయ్యే సూర్యకాంతంగారి పాత్రల్లో ముందుకు వచ్చేది. ఆ చేత్తోనే పొమ్మనేవారు, ఆ చేత్తోనే దెప్పేవారు, ఆ చేత్తోనే బుగ్గలు నొక్కుకునేవారు. డైలాగు రాసిన రచయిత పెట్టని అవమానం ఆ చెయ్యి కదలికలో వచ్చి చేరేది. ఎవరో నేర్పితే వచ్చింది కాదది. పుట్టుకతో వచ్చిన అలవాటును దాచుకోకుండా, దాన్ని పాత్రకు పనిముట్టుగా మలచుకున్న తెలివి. సినిమా చూసిన తెలుగువాడెవడూ ఆ చేతిని మరచిపోలేదు.

కోపం లోపల భయం

పైకి కనిపించే విద్య ఇది. దీనికంటే ముఖ్యమైనది పాత్ర లోపల ఉంది.

1957లో అన్నపూర్ణా వారి 'తోడికోడళ్ళు' వచ్చింది. బెంగాలీ రచయిత శరత్‌బాబు నవల ఆధారం, దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. అందులో అనసూయ సూర్యకాంతంగారు, ఆమె భర్త రేలంగి. పెద్ద కోడలు అన్నపూర్ణగా కన్నాంబ, చిన్న కోడలు సుశీలగా సావిత్రి. ఉమ్మడి ఇంటి వ్యవహారాలు సుశీల చేతిలో నడవడం అనసూయకు కంటగింపు. ఆ కంటగింపుతోనే ఇల్లు రెండుగా చీలుతుంది. కథ రాసుకున్న తీరులో అనసూయ అసూయాపరురాలు, అంతే. సూర్యకాంతంగారి అనసూయను జాగ్రత్తగా చూడండి. ఆమెకు సొంత సంపాదన లేదు. భర్త నోరున్నవాడు కాదు. పెద్ద ఇంట్లో తన మాటకు విలువ ఉందో లేదో ఆమెకే తెలియదు. రేపు ఈ ఇంట్లో తన పిల్లల స్థానం ఏమిటి అన్న బెంగ ప్రతి ఎత్తిపొడుపు వెనుకా ఉంటుంది. ఆ బెంగను ఆమె నోటితో చెప్పదు. కోపంగా మార్చి చెబుతుంది.

1961లో అదే దర్శకుడి 'వెలుగు నీడలు' వచ్చింది. అందులో కనకదుర్గమ్మ సూర్యకాంతంగారు. పిల్లలు లేని దంపతులు సుగుణను తెచ్చి పెంచుకుంటారు. తర్వాత సొంత బిడ్డ పుడుతుంది. అంతే, పెంచుకున్న బిడ్డ తల్లికి బరువైపోతుంది. ఇక్కడ మార్పు ఒక్కటే, కన్నబిడ్డ రావడం. ముద్దుచేసిన చేతులే తోసేసే చేతులవుతాయి. ఆ స్త్రీ రాత్రికి రాత్రి దుర్మార్గురాలు కాలేదు. ఆస్తి ఎవరికి చెందుతుందన్న లెక్క ఆమె మనసులోకి వచ్చి కూర్చుంది.

ఈ సినిమాలు వచ్చిన కాలాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. 1937 చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో ఇచ్చింది పరిమితమైన హక్కు. బతికున్నంతకాలం అనుభవించవచ్చు, అంతకుమించి స్వేచ్ఛ లేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక గాని స్త్రీకి తన చేతిలో ఉన్న ఆస్తి మీద పూర్తి యాజమాన్యం రాలేదు. కాగితం మీద హక్కు వచ్చింది గాని, ఇళ్ళలోకి అది వెంటనే రాలేదు. ఆడదానికి అధికారం అంటే అప్పటికీ వంటింటి తాళాలు, కోడలి మీద పెత్తనం, కొడుకు మీద పట్టు. అవి జారిపోతే ఆమెకు మిగిలేది ఏమీ లేదు. సూర్యకాంతంగారి గయ్యాళులందరూ ఆ జారిపోయే అధికారాన్ని రెండు చేతులా పట్టుకుని అరిచినవాళ్ళే. చరిత్ర పుస్తకాలు చెప్పని ఆ భయాన్ని ఆవిడ గొంతు చెప్పింది.

ఇందులో నాకు ఒక ముచ్చటైన సంగతి కనపడుతుంది. 'గుండమ్మ కథ'లో సవతి కూతురు లక్ష్మి చెయ్యి పట్టుకున్న అంజి, అంటే రామారావుగారు, రెండు దశాబ్దాల తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ప్రభుత్వమే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. దేశమంతటికీ అటువంటి సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. గుండమ్మ ఇంట్లో లక్ష్మి ఎందుకు పనిమనిషిగా మిగిలిపోయిందో, ఆ ఇంటి కథ ఎక్కడ మారాలో, ఆ చట్టం చదివితే అర్థమవుతుంది.

హిడింబి

'తోడికోడళ్ళు' వచ్చిన 1957లోనే విజయా వారి 'మాయాబజార్' వచ్చింది. కె.వి. రెడ్డిగారు హిడింబిగా సూర్యకాంతంగారిని తీసుకున్నారు. రాక్షస స్త్రీ. గయ్యాళి వేషాల నటి. ఎవరైనా ఏమనుకుంటారు? భయంకరంగా అరిచే వేషం అనుకుంటారు. తెర మీద కనిపించింది ఒక నిండైన తల్లి. అడవిలో అభిమన్యుడితో తలపడిన ఘటోత్కచుడు, వచ్చినవాళ్ళు తన పినతల్లి సుభద్ర, తమ్ముడు అని తెలుసుకుని ఇంటికి తీసుకువస్తాడు. వాళ్ళను ఆదరించే హిడింబిలో రాక్షసత్వం అలంకరణలోనే ఉంది. చూపులో, పిలుపులో ఇంటికి వచ్చిన చెల్లెలి పట్ల ఉన్న వాత్సల్యం ఉంది. మహా బలశాలి అయిన ఘటోత్కచుడు ఆమె ఎదుట చిన్నపిల్లాడవుతాడు.

ఒకే సంవత్సరంలో అనసూయ, హిడింబి. మానవ స్త్రీలో కర్కశత్వం, రాక్షస స్త్రీలో కరుణ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళెవరూ సూర్యకాంతంగారు సహజంగానే గయ్యాళి గనుక ఆ పాత్రలు పండాయని అనలేరు. కోపాన్ని ఎక్కడ ఎంత తూకంతో వాడాలో, ఎక్కడ పూర్తిగా పక్కన పెట్టాలో తెలిసిన నటి ఆవిడ.

గుండమ్మ

ఇక గుండమ్మ. 1962 జూన్ 7న వచ్చిన ఈ సినిమాకు మూలం విఠలాచార్యగారు కన్నడంలో తీసిన 'మనె తుంబిద హెణ్ణు'. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, మాటలు డి.వి. నరసరాజు. రామారావుగారికి ఇది నూరవ సినిమా, నాగేశ్వరరావుగారికి తొంభై తొమ్మిదవది. రంగారావు, సావిత్రి, జమున, రమణారెడ్డి, హరనాథ్, ఛాయాదేవి, ఇంతమంది హేమాహేమీలు ఉన్న సినిమాకు పేరు పెట్టింది మాత్రం సూర్యకాంతంగారి పాత్ర మీద. అప్పటి తెలుగు సినిమాలో ఒక గుణచిత్ర నటికి అంతకు మించిన గౌరవం దొరికిందా అంటే నాకు గుర్తు రావడం లేదు.

గుండమ్మ గయ్యాళితనాన్ని ఎస్టాబ్లిష్ చెయ్యడానికి ప్రత్యేకంగా సీన్లు అక్కర్లేదనీ, సూర్యకాంతం వచ్చి నిలబడితే జనానికి అర్థమైపోతుందనీ చక్రపాణిగారు తేల్చేశారని ప్రసిద్ధి. ఆ మాటను చాలామంది ఆవిడ ఇమేజ్‌కు కితాబుగా చెప్పుకుంటారు. నాకు అందులో మరో సంగతి కనిపిస్తుంది. పాత్ర గయ్యాళి అని నిరూపించే భారం తొలగిపోవడం వల్ల, మిగతా గుండమ్మను చూపించే తీరిక సూర్యకాంతంగారికి దొరికింది. అందుకే గుండమ్మ మిగతా గయ్యాళుల్లా ఒకే శ్రుతిలో ఉండదు. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషి కంటే హీనంగా చూస్తుంది. కన్నకూతురు సరోజను చూసి మురిసిపోతుంది. పనివాడు అంజి అమాయకంగా మాట్లాడితే విసుక్కుంటుంది, మళ్ళీ వాడి పనితనానికి లోలోపల పొంగిపోతుంది. రమణారెడ్డి వేసిన గంటయ్య మాటలకు తేలిగ్గా పడిపోతుంది. లోకజ్ఞానం ఉందనుకునే మనిషి, నిజానికి లేని మనిషి. ఆమె చేసే అన్యాయంలో కూడా ఒక అమాయకత్వం ఉంటుంది. గుండమ్మను చూసి మనం కోపం తెచ్చుకుంటాం గాని అసహ్యించుకోలేం.

అసలు నటన సినిమా చివరి భాగంలో ఉంది. ఆ ఇంట్లోకి ఛాయాదేవి వేసిన దుర్గమ్మ వస్తుంది. గుండమ్మ ఇతరులకు ఏం చేసిందో దుర్గమ్మ గుండమ్మకు అదే చేస్తుంది. అంతసేపూ ఇల్లంతా నింపిన గొంతు అక్కడ సన్నబడుతుంది. మాటకు మాట ఎగిరిన ఎడమ చెయ్యి ఆసరా వెతుక్కుంటుంది. తన ఇంట్లోనే తను పరాయిదై, తను తరిమేసిన లక్ష్మి వచ్చి ఆదుకునే దాకా దిక్కులేకుండా మిగిలిన స్త్రీని సూర్యకాంతంగారు ఎక్కడా అతిగా ఏడవకుండా చూపించారు. ఇంతకుముందు నేను చెప్పిన భయం ఇక్కడ పూర్తిగా బయటపడుతుంది. పెత్తనం పోతే తనకు ఏమవుతుందని గుండమ్మ జీవితమంతా భయపడిందో, అదే జరిగింది. ప్రేక్షకుడు గుండమ్మ మీద జాలిపడే ఆ నిమిషంలో సినిమా గెలిచింది. ఆ సినిమాలో సావిత్రి, జమున, రామారావు, నాగేశ్వరరావు అందరూ బాగా చేశారు. కథలో మారిన మనిషి మాత్రం గుండమ్మే. అందుకే అది గుండమ్మ కథ.

ఒక అభ్యంతరం

ఈ తరం స్త్రీలు, ముఖ్యంగా స్త్రీల చరిత్ర చదువుకున్నవారు ఒక ప్రశ్న అడుగుతారు. అడగవలసిన ప్రశ్న. ఈ గయ్యాళి పాత్రలు ఆడదానికి ఆడదే శత్రువన్న అభిప్రాయాన్ని పెంచలేదా? కట్నం అడిగిన మామగారిని, నోరు మెదపని కొడుకును తప్పించి నేరమంతా అత్త నెత్తిన రుద్దలేదా?

పెంచాయి. ఆ మాట ఒప్పుకోవాలి. కథ రాసినవాళ్ళు, తీసినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఇంట్లో జరిగే హింసకు ఆడ ముఖం ఒకటి తగిలిస్తే మగవాడు మంచివాడుగా మిగిలిపోతాడు. సినిమా చివర అతను రెండు మంచి మాటలు చెప్పి ఇల్లు చక్కదిద్దుతాడు. ఆ లోపం స్క్రిప్టుది. సూర్యకాంతంగారి నటన ఆ లోపాన్ని కప్పిపుచ్చలేదనే నేను చెప్పదలచుకున్నాను. ఆవిడ అరుస్తున్నప్పుడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి చూడండి. మనం అతన్ని చూసి నవ్వుతాం. నవ్వు ఆగాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంటి యజమాని ఇతనే కదా, ఇతను ఎందుకు ఆపడు? ఆవిడ అంత గట్టిగా చెయ్యబట్టే అతని మౌనం అంత గట్టిగా వినపడింది.

తిరగలి దగ్గర, రోకలి దగ్గర ఆడవాళ్ళు పాడుకున్న పాటల్లో అత్తను ఆడిపోసుకోవడం మనకు కొత్త కాదు. భానుమతిగారు 'అత్తగారి కథలు' రాసి అత్తను నవ్వుతూ ప్రేమించదగిన మనిషిగా చూపించారు. ఆ రెండింటి మధ్య నిలబడి, అత్త ఎందుకు అలా అయిందో శరీరంతో చెప్పినవారు సూర్యకాంతంగారు. మన కథాసాహిత్యంలో అత్త వైపు నుంచి చెప్పిన కథలు ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ లోటును ఆవిడ తెర మీద ఎంతో కొంత పూడ్చారు.

తర్వాత వచ్చినవారు

ఆవిడ తర్వాత ప్రతినాయిక పాత్ర రూపం మారింది. 1980ల చివర నుంచి అత్త మధ్యతరగతి ఇల్లు వదిలి మేడలోకి వెళ్ళింది. పట్టుచీర కట్టింది, కారు దిగింది. ఒకప్పటి హీరోయిన్లు ఆ వేషాలు వేశారు. 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు'లో వాణిశ్రీగారు వేసిన అత్త అందుకు ఉదాహరణ. అక్కడ అత్త ఉన్నది హీరో ఆమెను లొంగదీసుకోవడానికి. 'నరసింహ'లో రమ్యకృష్ణగారి నీలాంబరి అహంకారానికి మరో శిఖరం. తెలంగాణ శకుంతలగారు 'ఒక్కడు' వంటి సినిమాల్లో ప్రాంతీయమైన యాసతో, గొంతులో గరుకుదనంతో ప్రతినాయికకు కొత్త ఊపిరి పోశారు. వీరందరూ మంచి నటులు. కాని ఇంటి పెరట్లో, వంటింటి గుమ్మంలో నిలబడి, ఏ ఆయుధం లేకుండా, ఏ హోదా లేకుండా, కేవలం నోటితో ఒక సినిమా కథను నడిపిన ప్రతినాయిక సూర్యకాంతంగారితోనే ఆగిపోయింది. టీవీ సీరియళ్ళలో అత్తలు రోజూ కనిపిస్తున్నారు. కుట్ర పన్నే చూపులు, వెనుక నుంచి వచ్చే సంగీతం ఉన్నాయి. ఆ అత్తకు దేనికి భయమో ఎవరూ చెప్పడం లేదు. కారణం లేని చెడ్డతనం చూసేవాళ్ళను హడలగొట్టవచ్చు గాని ఆలోచింపజెయ్యదు.

తమ ఆడపిల్లకు సూర్యకాంతమని పేరు పెట్టడానికి తెలుగువాళ్ళు వెనుకాడేటంతగా ఆ పాత్రలు జనంలోకి వెళ్ళాయి. దాన్ని మనం ఇన్నాళ్ళూ తమాషాగా చెప్పుకున్నాం. ఒక నటి కల్పించిన మనుషులు ఒక భాష మాట్లాడేవాళ్ళ ఇళ్ళలోకి అంత నిజంగా వచ్చి కూర్చున్నారంటే, అది ఏ బిరుదూ ఇవ్వలేని గుర్తింపు.

చివరిగా మూడు విన్నపాలు. మొదటిది, నటన నేర్పే సంస్థలకు. నాయికల నటన మీద పాఠాలు చెబుతున్నారు, సంతోషం. సూర్యకాంతంగారి సన్నివేశాలు కూడా తరగతిలో వేసి చూపించండి. ఒకసారి శబ్దం తీసేసి చూడమనండి, ఒకసారి బొమ్మ తీసేసి వినమనండి. శరీరం, గొంతు విడివిడిగా ఎంత పని చేశాయో పిల్లలకు తెలుస్తుంది. రెండవది, విశ్వవిద్యాలయాల్లో తెలుగు, చరిత్ర, స్త్రీ అధ్యయన శాఖలకు. ఈవిడ మీద మనకు జ్ఞాపకాలు చాలా ఉన్నాయి, పరిశోధన చాలా తక్కువ ఉంది. 1950ల, 60ల తెలుగు కుటుంబాన్ని అర్థం చేసుకోవడానికి ఆవిడ పాత్రలు మంచి ఆధారాలు. వాటిని ఆ దృష్టితో చదవండి. మూడవది, రచయితలకు, దర్శకులకు. ప్రతినాయికను రాసేటప్పుడు ఆమె చేసే చెడుకు ముందు ఆమెకున్న భయం ఏమిటో రాసుకోండి. అది దొరికితే ఆ వేషానికి నటి దొరుకుతుంది.

సూర్యకాంతంగారు మంచి మనిషి అన్నది ఆవిడ బంధుమిత్రుల భాగ్యం. గొప్ప నటి అన్నది మనందరి ఆస్తి. చెడ్డ పాత్రలు వేసినా గొప్ప నటి అని ఇకమీదట ఎవరూ అనవద్దు. చెడ్డ పాత్రలు వేసే గొప్ప నటి అయ్యారు. తెలుగు సినిమా చరిత్ర రాసేవారు ఆవిడ పేరును సావిత్రి, కన్నాంబల పేర్ల సరసన, అదే వరుసలో రాయాలని కోరుతున్నాను.